పసుపు కల్లం మీద ఎర్ర మరకలు

పసుపు విషయంలో అనసూయమ్మ ఎవరినీ నమ్మదు. మోర్తాడ్‌లో ముప్పై ఏళ్లుగా పసుపు పండించి, ఉడకబెట్టి, ఎండబెట్టిన మనిషి. కొమ్ము విరిస్తే వచ్చే చప్పుడును బట్టి అది ఎన్ని రోజులు ఎండిందో చెప్పేస్తుంది. కల్లంలోకి చెప్పులతో అడుగుపెడితే కట్టుకున్న మొగుడు లింబయ్యకైనా సరే చీవాట్లు తప్పవు. పసుపంటే ఆమెకు సాక్షాత్తూ లక్ష్మి. అంతటి కల్లంలో అడ్డూ ఆపూ లేకుండా తిరిగేది పింకీ ఒక్కటే.

పింకీ గోధుమరంగు ఆడకుక్క, ఊరకుక్కే. ఆరేళ్ల కింద చలికాలంలో పసుపు ఉడికే పొయ్యి వెచ్చదనానికి వచ్చి పడుకున్న పిల్ల, మళ్లీ పోలేదు. కోతులను తరమడం దాని పని. ఈ ఆరేళ్లలో ఒక్కసారైనా కల్లం తడిపిన పాపాన పోలేదు. ఎంత వానైనా కంచె దాటి వెళ్లి వచ్చేది.

అందుకే ఆ పొద్దున ఆరబోసిన కొమ్ముల మీదే అది కూర్చొని నాలుగు చుక్కలు వదిలేసరికి అనసూయమ్మకు ఒళ్లు మండిపోయింది. పసుపు తిరగేసే కట్టె చేతిలోనే ఉంది. దాంతో నడుము మీద ఒక్కటిచ్చింది.

“లచ్చిమి మీద ఉచ్చబోస్తవా? కండ్లు నెత్తికెక్కినయా నీకు?”

గంట గడవకముందే మళ్లీ కూర్చుంది. మళ్లీ దెబ్బ. సాయంత్రానికి ఎన్నిసార్లు కూర్చుందో, ఎన్ని దెబ్బలు తిన్నదో లెక్కలేదు. ప్రతిసారీ ముక్కి ముక్కి రెండు చుక్కలు, ఆ తర్వాత వెనక్కి తిరిగి అదేపనిగా నాకుకోవడం. ఇంత మొండితనం ఎక్కడ నేర్చిందని అనసూయమ్మ మరునాడు దాన్ని కల్లం పక్క గుంజకు కట్టేసింది.

ఆ గుంజ దగ్గర నేల మీద ఎర్రటి మరకలు కనిపించాయి.

“నెత్తురు లెక్క ఉన్నదే,” అన్నాడు లింబయ్య.

“నీ తలకాయ. గోడకు సున్నమేసి నాల్గొద్దులు గాలే. సున్నం తాకితె పసుపు ఎర్రగైతదని నీకు ఎర్కలేదా? పెండ్లికి పారాణి ఎట్ల కలుపుతరు మరి?”

పసుపు పండించే ఊళ్లో ఆ మాటకు ఎదురు చెప్పేవాడు ఉండడు. లింబయ్యా చెప్పలేదు. “ఒంట్ల ఏడి జేసినట్టున్నది, మజ్జిగ తాపు,” అని మాత్రం అన్నాడు. తాపింది. పింకీ మజ్జిగ తాగింది గానీ, ఆమె దగ్గరకు రాగానే తోక కాళ్ల మధ్యకు ముడుచుకుంది.

నాలుగో రోజు పొద్దున, పింకీ పడుకున్న తెల్లటి యూరియా సంచి దులుపుదామని అనసూయమ్మ ఎత్తింది. సంచి మీద అరచేతి వెడల్పున ఎర్రటి తడి. ఆ సంచికి పసుపు అంటలేదు, సున్నమూ అంటలేదు. “నెత్తురే,” అంటూ లింబయ్యను కేకేసింది.

లింబయ్య తన మోకాళ్ల నొప్పుల గోలీ సగం విరిచి తెచ్చాడు. ఆమె వేయనివ్వలేదు. ఆ రోజు వాళ్ల పసుపు బస్తాలు నిజామాబాద్ మార్కెట్‌కు పోవాలి. మొగుడిని డ్రైవర్ పక్కన కూర్చోబెట్టి, తాను పింకీతో బండి వెనక బస్తాల మీద ఎక్కింది. దారి పొడుగునా కుక్క వణుకుతూనే ఉంది. బండి ఎక్కే ముందు కూర్చుంది గానీ ఏమీ రాలేదు. లింబయ్య మార్కెట్‌కు పోయాడు, ఆమె పశువుల దవాఖాన ముందు దిగింది.

డాక్టర్ సింధూజ చిన్న వయసు మనిషి. అన్నీ ఓపికగా అడిగి, పింకీ పొట్ట మెల్లగా ఒత్తి చూసింది. ఆమె ముఖం మారింది.

“ఉచ్చతిత్తి నిండి గట్టిగున్నదవ్వా. మూత్రంల ఇన్ఫెక్షన్ అనిపిస్తున్నది. గానీ, రాయి అడ్డమొచ్చి రాకుంటున్నదా, ఇదే ఆపుకుంటున్నదా తెల్వాలె. అడ్డం పడితె మాత్రం పానానికే ముప్పు.”

“ఎందుకు ఆపుకుంటది బిడ్డా?”

“బయపడ్డదేమో. కొట్టిండ్రా?”

అనసూయమ్మ తన తప్పు ఎవరి ముందూ ఒప్పుకున్న మనిషి కాదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. “కొట్టిన. కూసున్నప్పుడల్ల కొట్టిన.”

డాక్టర్ పొడుగాటి గంటె ఒకటి చేతికిచ్చింది. “బయట తిప్పు. పోస్తుంటె గాలిల్నే పట్టు, నేల మీదిది పరీక్షకు పనికిరాదు. గంటసేపట్ల రాకపోతె పైపేద్దాం.”

దవాఖాన వెనక గడ్డిలో పింకీ రెండుసార్లు కూర్చోబోయింది. రెండుసార్లూ అనసూయమ్మ చేతివైపు చూసి లేచిపోయింది. మూడోసారి గానీ ఆమెకు వెలగలేదు. గంటె కాడ అచ్చం తాను కొట్టిన కట్టెలాగే ఉంది.

గంటెను దూరంగా విసిరేసింది. వెంట తెచ్చుకున్న సద్దిగిన్నె మూత కడిగి తెచ్చుకొని, కుక్కకు వీపు పెట్టి గడ్డిలో కూలబడింది. అరగంట అయింది. ముప్పావు గంట అయింది. లోపల డాక్టర్ పైపు సిద్ధం చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. 

“పోసుకో బిడ్డా,” అంది అనసూయమ్మ వెనక్కి చూడకుండానే. “గీడ పసుపు లేదు. నేను గూడ నీ దిక్కు సూస్తలేను.”

కాసేపటికి మోచేతికి వెచ్చటి బొచ్చు తగిలింది. పింకీ ఆమె పక్కకే వచ్చి కూర్చుంది. సన్నటి ధార మొదలైంది. సగం చీరంచు మీద పడుతున్నా కదలకుండా, చేయి వెనక్కి పెట్టి మూతతో పట్టింది. ఎర్రగానే ఉంది. కానీ వచ్చింది. ధార ఆగగానే మూతను డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది.

పరీక్షలో చీము, క్రిములు కనిపించాయి. స్కానింగ్‌లో రాయి లేదు. డాక్టర్ ఏడు రోజులకు గోలీలు రాసిచ్చింది. “రెండొద్దులకే మంచిగైనట్టు కనవడ్తది, అయినా ఆపొద్దు. నీళ్లు ఎప్పుడూ ముంగట ఉండాలె. ఎన్నిసార్లు బయటికి పోతనంటె అన్నిసార్లు ఇడువుండ్రి. మనుషుల నొప్పి గోలీలు మాత్రం ఎయ్యకుండ్రి, కుక్కలకు అవి యిషం.” గోలీలు అయ్యాక మరోసారి మూత్రం పరీక్షించాలని కూడా చెప్పింది.

మూడో రోజుకు ఎరుపు పోయింది. మిగిలిన గోలీలు దాచిపెడదామన్న లింబయ్యను అనసూయమ్మ ఒక్క చూపు చూసింది, అంతే. ఏడు రోజులూ జొన్నరొట్టె ముక్కలో పెట్టి తినిపించింది. రెండో పరీక్షలో ఏమీ లేదు.

పింకీ మళ్లీ కంచె దాటి పోతోంది, కోతులను తరుముతోంది. నయమైంది, సందేహం లేదు. అయితే కూర్చునే ముందు ఒక్కసారి మెడ తిప్పి అనసూయమ్మ చేతులవైపు చూస్తుంది. కల్లంలో ఆమె ఏ పనిలో ఉన్నా, ఎంత తొందరలో ఉన్నా, కట్టె కింద పెట్టేసి నిలబడుతుంది.

“పని ఇడిసిపెట్టి గట్ల నిలవడ్డవేందే?” అని లింబయ్య కేకేశాడు ఒకరోజు.

“అది సూస్తున్నది,” అంది అనసూయమ్మ, ఖాళీ చేతులు రెండూ దానికి కనబడేలా పెట్టి.