లేని తడిక

వనపర్తి కొత్త జిల్లాగా ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను వీపనగండ్ల వైపు ఒక పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ ఉన్నా అక్కడ నాకు పైన ఎవరూ లేరు, కింద ఒక్క అటెండర్. చేరగానే చిటుకు రోగం టీకాలు మొదలుపెట్టాం. తొలకరి గడ్డి ఆత్రంగా మేసిన గొర్రెకు వచ్చే జబ్బు అది. సాయంత్రం గంతులేసిన గొర్రె తెల్లారేసరికి కాళ్లు చాపేస్తుంది. అందుకే వానలు ముదరకముందే మందమందకూ తిరగాలి.

బీరన్న మంద ఊరికి దూరంగా మెట్ట చెలకలో ఉండేది. గొర్రెలు ఈనే కాలమని రెండు నెలలుగా దొడ్డి చోటు మార్చలేదు. దొడ్డి అంటే నాలుగు మూలలా గుంజలు, చుట్టూ వల, తూర్పున తలుపులా ఒక తడిక. టీకాలు అయ్యాక బీరన్న నన్ను పక్కకు పిలిచి, కూతురు సుజాత సంగతి చెప్పాడు. వనపర్తిలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చిందట. నెల రోజులుగా తండ్రి ఇంట్లో తినకుండా మేనత్త దగ్గర తింటోందట.

"గొర్లను కోతకిచ్చి తెచ్చిన బువ్వ నాకొద్దంటది సారూ. నా తాన ఉండి వీటికి మేలైందా, కాలేదా? సదువుకున్నోనివి, జర దానికి చెప్పు. కాలేదంటవా, ఈ పని ఇయ్యాల్నే ఇడిచిపెడ్త."

జవాబు నా సంచిలోనే ఉందనుకున్నాను. మేం గొర్రె నడుము మీద చెయ్యి వేసి, వెన్నెముక ఎంత గుచ్చుకుంటుందో చూసి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తాం. కనురెప్ప తిప్పి రక్తం ఉందో లేదో చూస్తాం. బీరన్న గొర్రెల్లో మూడుకు తగ్గింది లేదు. మంద దగ్గరే ఉన్న ఆ పిల్లను పిలిచి ఉపన్యాసం దంచాను. అడవిలో అయితే తోడేలు తినేదన్నాను, జబ్బుకు మందు దొరికేది కాదన్నాను, మనిషి పెంచకపోతే ఇవి పుట్టేవే కావన్నాను. సుజాత ఓపిగ్గా విన్నది.

"మేలైతే వాటంతటవే ఉంటయి గద సార్. నాయినా, వల తియ్యి, సూద్దాం" అన్నది.

బీరన్న నవ్వుతూ వల చుట్టేశాడు. గుంజలు పీకేశాడు. తడిక తీసి దూరంగా పడేశాడు.

ఒక్క గొర్రె కదల్లేదు. బీరన్న మొహం వెలిగిపోయింది. నేనూ గెలిచినవాడిలాగే నిలబడ్డాను. కాసేపటికి గానీ నా కంటికి ఆనలేదు, మంద ఆకారం అలాగే ఉంది. వల ఉన్న గీత దగ్గర ముక్కులన్నీ వరసగా ఆగి ఉన్నాయి. బెత్తెడు దూరంలో పచ్చిక ఉన్నా ఒక్క మెడా అటు సాగలేదు.

అంతలో నాలుగు రోజుల పిల్ల ఒకటి గీత దాటింది. దానికింకా వల సంగతి తెలియదు. కొంత దూరం పోయి అరవడం మొదలుపెట్టింది. తల్లి లోపలి నుంచి బదులు అరుస్తూ, లేని వల పొడవునా అటూ ఇటూ తిరిగింది. చివరికి తడిక ఉండిన చోట ఆగి బీరన్న వైపు చూసింది.

బీరన్న మెల్లగా నడిచి వెళ్లాడు. వంగి, లేని తడికను రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టాడు. తల్లి ఒక్క పరుగున పిల్లను చేరింది. దాని వెనక మంద మొత్తం ఆ ఇరుకు సందులోంచే, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బయటికొచ్చింది.

బీరన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. నాకు భయమేసింది.

"గిట్లయితయని తెల్వదు బిడ్డా. ఇడిచిపెడ్త తియ్యి" అన్నాడాయన.

సుజాత మంద వైపు చూసింది. "ఇడిచిపెడితే ఇప్పుడు యాడికి పోతయి నాయినా" అంటూ ఆయన సద్దిమూట విప్పి, జొన్నరొట్టె సగం తుంచుకుని తిన్నది. నెల తర్వాత కూతురు తన రొట్టె తింటున్నా బీరన్న సంతోషపడలేదు.

ఆ రోజు రిజిస్టరులో మంద ఆరోగ్యంగా ఉందని రాసి సంతకం పెట్టాను. అది నిజమే.

మరుసటి ఏడాది టీకాలకు వెళ్తే దొడ్డికి వల లేదు. తడిక ఒక్కటే నిలబెట్టి ఉంది, దాని వెనక మంద నలుచదరంగా నిలబడి ఉంది. వల ఏమైందంటే, అక్కర పడలేదన్నాడు బీరన్న. నేను కూడా ఆయన తడిక తీసేదాకా ఆగి, అందులోంచే లోపలికి వెళ్లాను.

సర్వీసు ముగిసేదాకా బీరన్న అడిగిన ఆ ప్రశ్న ఎవరడిగినా గొర్రె ఆరోగ్యం వరకే చెప్పాను. మనిషి దగ్గర ఉండి దానికి మేలైందా అంటే, దాన్నే అడిగి తెలుసుకునే వీలు మనమే లేకుండా చేసుకున్నామని చెప్పేవాణ్ణి.