నడిచిన నారుమడి

మా పెద్దమ్మ వెల్దుర్తి దగ్గర ఊరి పక్క చేలో ఒకసారి బత్తాయి తోట పెట్టింది. మూడేళ్లు చెట్లు కళకళలాడాయి. నాలుగో ఏడు ఆకులు పండుబారి, ఒక్కో చెట్టూ ఎండిపోయింది. తవ్వి చూస్తే అడుగున్నర కింద సున్నపు సుద్ద, దాని కింద నాపరాయి. అంతా పీకించేసింది గానీ మోజు పోలేదు. అరవై దాటాక, డొంక దారి పక్కనున్న నాలుగెకరాల్లో సగానికి మళ్లీ పెడతానంది. కౌలుదారు అందులో ఎప్పుడూ పత్తే వేసేవాడు. పత్తి ఆరునెలల పంట, ఎక్కడైనా ఎంతో కొంత పండుతుంది. కింద ఏముందో ఎవరికీ తెలియదు.

"ఆకాశంలోంచి చూస్తావంట గదే. నా చేల్లో సుద్ద ఏడుందో చెప్పు. ఈసారి పోతే ఇంక పెట్టే ఓపిక లేదు నాకు," అంది ఫోన్లో.

నా ఉద్యోగం అదే. ఉపగ్రహాలు పంపే బొమ్మలను సాపు చేసి, ఒకదాని మీద ఒకటి పరచి చూడటం. రాడార్ బొమ్మకు రంగులుండవు. నేల గరుకా నునుపా, తడా పొడా అన్నదే అది చెబుతుంది. రెండోది హైపర్‌స్పెక్ట్రల్ బొమ్మ. మన కంటికి ఒకే ఎరుపుగా కనిపించే నేలను అది రెండు వందలకు పైగా సన్నని రంగులుగా విడదీస్తుంది. సున్నం పాలు ఎక్కువున్న మట్టి ఆ రంగుల్లో ఒకచోట ఖాయంగా దొరికిపోతుంది. ఏదీ నేల లోపలికి తొంగి చూడలేదు. కానీ నాపరాయి పైకే ఉన్నచోట నాగలి ఏటా దాని పెచ్చుల్ని పైకి లాగుతుంది, ఆ పెచ్చులు రెండు బొమ్మల్లోనూ పడతాయి.

చిక్కల్లా రెండింటినీ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడమే. అందుకు రెండింట్లోనూ కనిపించే కదలని గుర్తులు కావాలి. ఆ మెట్ట పొలాల్లో గుర్తులెక్కడ దొరుకుతాయి? వెతగ్గా వెతగ్గా డొంక పక్కన నీడ కోసం కట్టిన ఒక షేడ్ నెట్ పందిరి దొరికింది. ఇనుప పైపులు కాబట్టి రాడార్‌లో తళతళా మెరిసింది. పచ్చటి వల కాబట్టి రంగుల బొమ్మలోనూ తేలింది. ఎగిరి గంతేసి దాన్నే గుర్తుగా పెట్టుకున్నాను. రాడార్ బొమ్మ ఆ నెలదే. మబ్బులేని రంగుల బొమ్మ మాత్రం పోయినేడుదే దొరికింది. నేల ఏడాదిలో మారిపోతుందా ఏమిటి అనుకున్నాను.

పటం అందంగా వచ్చింది. సుద్దంతా పడమటి సగంలో, చేను నడుమను ఆనుకుని ఒక పట్టీలా ఉంది, తూర్పు సగం శుభ్రం. తూర్పున రాడార్ చుక్కలు కొంచెం ఎక్కువగానే మెరిశాయి. రాడార్ బొమ్మలో అలాంటి గింజలు మామూలేనని వాటిని చదును చేసి పారేశాను. పటం చూసి పెద్దమ్మ తూర్పు సగంలో గుంతలకు కర్రలు పాతించింది. ఎల్లుండి గుంతలు తీసే మిషన్ వస్తుందంటే సరదాగా చూద్దామని నేనూ వెళ్లాను.

సంచీలో ఎప్పుడూ ఒక చుక్కల సీసా ఉంటుంది, పలచటి యాసిడ్‌ది. సున్నపు మట్టి మీద వేస్తే బుసబుసా పొంగుతుంది. తూర్పు సగంలో మొదటి కర్ర దగ్గర వేశాను. పొంగింది. పక్క కర్ర దగ్గర వేశాను. అక్కడా పొంగింది. 

కానీ ఏడుపుకంటే ముందు ఆరా మొదలైంది. గట్టు నుంచి గట్టుకు నడుస్తూ చుక్కలు వేసుకుంటూ పోయాను. ఏ సాలులో చూసినా పొంగు మొదలయ్యే చోటుకీ, ఫోన్లోని పటంలో సుద్ద మొదలయ్యే చోటుకీ తేడా ఎనభై అడుగులే, అదీ తూర్పుకే. బొమ్మ అబద్ధమైతే ఒక్కోచోట ఒక్కోలా తప్పాలి. అన్నిచోట్లా ఒకేలా తప్పిందంటే మొత్తం జరిగి ఉండాలి. దేన్ని పట్టుకుని జరిగింది?

"పెద్దమ్మా, ఆ షేడ్ నెట్ ఎవరిది?"

"మిరప నారోళ్లది. ఏం?"

"ఎన్నేళ్ల నుంచి ఉందది?"

"ఈ ఏడే డొంకకి పడమర వేసినారు. పోయినేడు డొంకకి తూరుపున ఉండె." నా మొహం చూసి ఆగింది. "ఒకే మడిలో రెండేళ్లు నారు పోస్తారటే? కుళ్లిపోదూ? ఏంది, అది కూడా తెలీదా నీకు?"

తెలుసు! చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఏటా నారుమడి చోటు మార్చేవాళ్లు, నీళ్లు మోసింది నేనే. అంత చదువుకుని, నడిచే నారుమడిని కదలని గుర్తు అనుకుని, పోయినేటి దాన్ని తెచ్చి ఈ ఏటి దాని మీద అతికించేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. నిజం చెప్పొద్దూ, చిక్కుముడి విడిపోయినందుకు లోపల గంతులేశాను కూడా.

కొట్టంలో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఆ గుర్తు తీసేసి, దూరమని మొదట వదిలేసిన కాలవ వంతెనను పట్టుకుని మళ్లీ కలిపాను. సుద్ద జరిగి తూర్పుకు వెళ్లింది. నేను చదును చేసి పారేసిన రాడార్ గింజల్ని వెనక్కి తెచ్చి చూస్తే, సరిగ్గా ఆ సుద్ద మీదే కూర్చున్నాయి. అవి మొదటినుంచీ నిజమే చెప్పాయి. పెద్దమ్మకు తప్పు ఒప్పుకున్నాను. ఆమె పటాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత కర్రలన్నీ పీకించి పడమటికి మార్పించింది.

ఇది నాలుగో ఏడు. మొన్న ధైర్యం చేసి ఫోన్ చేశాను, ఆకులెలా ఉన్నాయని.

"వచ్చి చూసుకోవే," అని పెట్టేసింది.

గుండె చేత్తో పట్టుకుని వెళ్లాను. పడమటి సగమంతా నల్లటి పచ్చదనంతో నిండుగా ఉంది. పెద్దమ్మ ఆగకుండా నన్ను తూర్పుకు నడిపించింది. కౌలు పత్తి మధ్యలో ఒంటరిగా ఒక బత్తాయి చెట్టుంది, నా భుజం దాకా కూడా ఎదగలేదు. ఈనెలు తప్ప ఆకులన్నీ పసుపు.

"ఇదెక్కడిది పెద్దమ్మా?"

"నీ మొదటి పటం చెప్పిన చోట ఒకటి పెట్టినా. రెండిట్లో ఏది నిజమో నాకు మటుకు తెలియద్దా?"

ఆ పసుపు ఆకు ఒకటి తుంపి నా చేతిలో పెట్టింది. వెనక్కి తిరిగి పడమటి వరసలు లెక్కపెట్టబోయాను, కళ్లు మసకేసి కుదరలేదు.