చిన్నాయన వదులుకున్న సీటు

మా చిన్నాయన పోయాడన్న సంగతి టెలిగ్రాంలో వచ్చింది. ఆయన పనిచేసే ధర్మవరం హైస్కూలు హెడ్మాస్టరు పంపారు. హిందూపురంలో మా ఇంటి గడప దగ్గర నిలబడి నాయన దాన్ని రెండుసార్లు చదివాడు. చొక్కా జేబులో పెట్టుకుని, "పాపా, బండికి ఇంగా ఎంత టైముండాది?" అని మాత్రం అడిగాడు.

మేం వెళ్ళేసరికి ఆయన గదిలో స్కూలు పిల్లలు, పక్కింటివాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. పదిహేనేళ్ళు ఆ ఒక్క గదిలోనే వండుకుని తిని, పిల్లల నోటుబుక్కులు దిద్దుకుంటూ గడిపాడు.

ఆ ఊళ్ళో ఆయన లెక్కల అయ్యవారు. అంతకుముందు విమానం నడిపిన మనిషని చాలామందికి తెలియదు. సైకిలు ఎక్కేముందు మాత్రం దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు నొక్కి, గొలుసు లాగి, బ్రేకులు పట్టి, ఒక్కొక్కదాని పేరూ పైకి చెప్పుకునేవాడు. పిల్లలు నవ్వేవారు. "నవ్వండప్పా. తెలిసినదాన్నే మల్లా చూడాల. తెలుసులే అనుకున్న పొద్దే పడేది" అనేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఆయన బెంగళూరులో విమానం నేర్చుకున్నాడు. లైసెన్సు వచ్చింది, ఉద్యోగం రాలేదు. ఎక్కడికి వెళ్ళినా, ఎన్ని గంటలు నడిపావని అడిగేవారు. ఎవరైనా నడపనిస్తే కదా గంటలు! చివరికి పాత విమానాల్లో సరుకులు మోసే ఒక చిన్న కంపెనీ ఒప్పుకుంది. పైలట్ పక్క సీట్లో కూర్చోవచ్చు. జీతం ఉండదు, పైగా ఆ గంటలకు మనమే డబ్బు కట్టాలి. పెనుకొండ దగ్గరున్న శెనక్కాయ చేను అమ్మి నాయన ఆ డబ్బు కట్టాడు. ఆర్నెల్లు తిరక్కముందే చిన్నాయన వచ్చేశాడు. ఎవరడిగినా "నా చేత కాల్యా" అన్నాడు. భయపడి వచ్చేశాడని అందరూ అనుకున్నారు, నాయన కూడా. ఆ తర్వాత అన్నదమ్ములు కలిసినా వానల గురించి తప్ప మాట్లాడుకోలేదు.

అసలు సంగతి చాలా ఏళ్ళకు మా తమ్ముడి వల్ల బయటపడింది. వాడూ విమానమే నేర్చుకున్నాడు, వాడికీ ఎవరో అలాంటి సీటే చూపించారు. నాయన మా ఇద్దరినీ వెంటబెట్టుకుని ధర్మవరం వెళ్ళాడు.

"నీ మాదిరి నడిమధ్యలో వదిలేసి రాకుండా వీనికి బుద్ధి చెప్పు" అన్నాడు తమ్ముణ్ణి చూపించి.

చిన్నాయన స్టవ్వు మీది పాలు దించాడు. వాడివైపు తిరిగాడు.

"నేర్చుకునేదానికి దుడ్లు కట్టురా, తప్పుల్యా. అది సదువు. సరుకెక్కినాక, మనుషులెక్కినాక అది పని. పనిచేసేటోడే దుడ్లు కడితే, జీతం తీసుకునేటోన్ని ఎవురు పెట్టుకుంటారు?"

"అంటే?" అన్నాడు నాయన.

"నేను కూచున్న సీట్లో ముందర ఒకాయన ఉండె, అన్నా. నాకంటే పెద్దోడు, ఇద్దురు బిడ్డలు. నేను దుడ్లు కడ్తానంటే ఆయప్పను తీసేసినారు. నాకు తెల్దు. ఒకరోజు ఆఫీసు మెట్లకాడ కూచోనుండె. 'నా సీట్లోకొచ్చింది నువ్వేనా?' అనె. తిట్టల్యా. 'ఆ విమానం దిగేటప్పుడు కుడిపక్కకు లాగుతాది, జాగర్త' అని చెప్పి లేసిపాయ. ఆ మాట ఇన్నాక ఆడ కూచోలేకపోతిని."

"అప్పుడే చెప్పింటే ఏమిరా?"

"చేను పాయ. అమ్మ ఏడుస్తాండె. యాడో ఎవురో మనిషి కోసరం వదిలేస్తినంటే మీకు ఇంగా మంటయ్యేది."

నాయన భుజం మీది తువ్వాలు తీసి, మళ్ళీ అదే భుజాన వేసుకున్నాడు.

తమ్ముడు డబ్బు కట్టే చేరాడు. "నేను కట్టకపోతే ఇంకొకడు కడ్తాడు కదా చిన్నాయనా" అన్నాడు. అదీ అబద్ధం కాదు. ఆయన అడ్డు చెప్పలేదు. ఇప్పుడు వాడికి మంచి జీతం. సెలవుల్లో వచ్చినప్పుడు చిన్నాయన వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మబ్బుల గురించి, గాలుల గురించి ఆశగా అడిగేవాడు. ఒక్కసారి మాత్రం, "నీకంటే ముందర ఆ సీట్లో ఎవురుండిరో కనుక్కుంటివా?" అన్నాడు. తమ్ముడు కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేల్చేంతదాన్ని కాను. అంత ఇష్టమైన పని వదులుకుని, ఎందుకు వదులుకున్నాడో కూడా ఎవరికీ చెప్పుకోకుండా, పిరికివాడన్న పేరు మోస్తూ అన్నేళ్ళు ఒక్కడే ఎలా ఉన్నాడో! సెలవుల్లో నాకు లెక్కలు నేర్పిన ఓపిక కూడా ఆ ఒంటరితనంలోంచే వచ్చిందేమో.

పోయిన చలికాలం ఆయనా నేనూ పెనుకొండ కొండెక్కాం. బండ అంచున కూర్చుని ఆయన చెప్పులు విప్పాడు. మాకంటే చాలా కింద ఒక గద్ద రెక్కలాడించకుండా తిరుగుతోంది. నేల మీదివాళ్ళకు ఎప్పుడూ కనపడని దాని వీపు ఎండలో మెరుస్తోంది. "చూడు పాపా" అన్నాడు, అంతే. అది ఏ పక్కకు ఒరిగితే, తనకు తెలియకుండానే, ఆయన భుజమూ ఆ పక్కకే కొంచెం వాలుతోంది.