వంకర కోరపన్ను

వీధిదీపాలను మనుషులు నిచ్చెనలెక్కి వెలిగించే రోజులు ముగిసి మీట నొక్కితే ఊరంతా వెలిగే రోజులు మొదలైన సంధికాలంలో పుట్టి, జ్వరం వస్తే అది విధి అని సరిపెట్టుకొన్న తరం తరువాత ఆసుపత్రి గుమ్మం తొక్కడం నేర్చిన తరాన్ని చూసి, చివరకు ప్రజలందరి వైద్యభారాన్ని ప్రభుత్వమే మోయాలా వద్దా అని వీధి అరుగుల మీద గొంతులు చించుకొనే ఈ తరం దాకా, ఉత్తరపు కిటికీ ఉన్న ఒకే గదిలో ఒకే బల్ల ముందు కూర్చొని, పళ్లూడిన వారి నోళ్లకు పళ్లు అమర్చుతూ వచ్చిన మనిషి ఆయన. ఊరు ఆయనను పళ్ల మేస్త్రి అనేది.

ఆ గదిలో కాగిన మైనం వాసన ఎప్పుడూ ఉండేది. గోడ పొడవునా అరల్లో ప్లాస్టరు దవడలు బారులు తీరి, ఏదో మాట మధ్యలో ఆగిపోయినట్లు కనిపించేవి. కట్టుడు పళ్లు కావాలని వచ్చినవారిని మేస్త్రి ముందుగా పాత ఫొటో తెమ్మనేవాడు. నవ్వుతున్నదైతే మరీ మంచిది. పలువరుస గీత గీసినట్లుంటే అందులో మనిషి కనబడడని ఆయన సిద్ధాంతం. అందుచేత ఒకరికి ముందుపళ్ల నడుమ కొంచెం సందు విడిచేవాడు. మరొకరికి ఒక పన్ను రవ్వంత పొట్టిగా నిలిపేవాడు. సైకిలు షాపు పైగదిలో చెల్లెలితో కలిసి ఉంటూ చొక్కాలకు బొత్తాలు కుట్టే పెద్దక్కకు పళ్ల సెట్టు చేసినప్పుడు, ఫొటోలో ఉన్నట్లే ఎడమ కోరపన్నును పక్కపన్ను భుజం మీదికి కాస్త వాల్చాడు. ఆమె అద్దంలో చూసుకొని, "వచ్చావా తల్లీ!" అని తన ప్రతిబింబాన్నే పలకరించింది.

ఆ సెట్టే తరువాత ఆయన ప్రాణానికి వచ్చింది.

"ఒత్తుతోంది తమ్ముడూ," అంటూ పెద్దక్క వచ్చేది.

"ఎక్కడక్కా?"

"కుడిపక్క, లోపల."

మేస్త్రి దీపం దగ్గరికి జరిపి చూసేవాడు. చిగురు శుభ్రంగా ఉండేది. "కందినట్టు లేదే!"

"నొప్పి నాదా, నీదా?"

ఆకురాయి తీసుకొని ఆమె చెప్పినచోట అరగదీసేవాడు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చేది. "ఇప్పుడు జారిపోతోంది. నిన్న తుమ్మితే ఎదురుగోడకి కొట్టుకునేదే!" అక్కడ కొంత పదార్థం అతికేవాడు. మళ్లీ ఒత్తేది. మళ్లీ అరగదీసేవాడు. ఊరందరి నోళ్లలో తన పనితనం కుదురుగా ఉండగా ఈ ఒక్క నోటిలోనే ఎందుకు ఓడిపోతున్నదో ఆయనకు అంతుపట్టలేదు. పుండును చూడలేని కన్ను పోయినట్లే. ఒకచోట కుదిర్చి మరొకచోట చెడగొట్టే చెయ్యి పోయినట్లే. అలా అనుకొన్నాడు. అనుకొన్నకొద్దీ నిజంగానే చెయ్యి వణకసాగింది.

"చేతికేం కాలేదు. అయిందల్లా బుర్రకే," అన్నది భార్య.

"నీకు తెలీదులే. ఇంకొకరి నోరు పాడుచెయ్యకముందే కొట్టు మూసేస్తా. బల్లకి బేరం కూడా వచ్చింది."

ఈ దశలో బట్టల వర్తకుడు వచ్చి కూర్చొన్నాడు. అందరి వైద్యాన్నీ ప్రజాధనంతో నడిపే పథకంలో కట్టుడు పళ్లను చేర్చాలా వద్దా అని పురపాలకులు ఊరి అభిప్రాయం అడిగారట. బడి హాల్లో సభ ఉన్నదట. "నువ్వు మాట్లాడాలి మేస్త్రీ. ఊరికే ఇచ్చేదానికి విలువుండదని నువ్వు చెబితే ఎవరూ కాదనరు."

మేస్త్రి ఒప్పుకొన్నాడు. వర్తకుని కోసం కాదు. అది ఆయన నమ్మకం. "లేనివాళ్లొస్తే నేను డబ్బు తీసుకోకుండా చెయ్యట్లేదూ? ఊళ్లో మనసున్నవాళ్లుండగా మధ్యలో ప్రభుత్వమెందుకు?" అన్నాడు భార్యతో.

"బాగా మాట్లాడండి. విని జనం నోరెళ్లబెడితే ఎవరికెన్ని పళ్లున్నాయో అక్కడే తేలిపోతుంది," అన్నదావిడ, ప్లాస్టరు కలుపుతూనే.

సభనాడు పెద్దలు పిల్లల బెంచీలలో మోకాళ్లు ముడుచుకొని కూర్చొన్నారు. వర్తకుడు ముందుగా లేచాడు. "ప్రాణం నిలబెట్టడానికి మా సొమ్ము తీసుకోండి, కాదనను. పళ్లు ప్రాణమా? ఇవాళ పళ్లంటారు, రేపు బట్టతలకి విగ్గంటారు!"

హాలు నవ్వింది. ఆసుపత్రి నర్సు మాత్రం నవ్వలేదు. "నమల్లేక సగం తిండితో సరిపెట్టుకుని నీరసంతో వస్తారండీ మా దగ్గరికి. ఆ నీరసానికి మందిస్తే వైద్యం, పళ్లిస్తే కాదా?"

"మరి ఖర్చు హద్దెక్కడమ్మా? ఎక్కడో ఒకచోట గీత గియ్యాలిగా!" అన్నాడు వర్తకుడు. అదీ తీసిపారేయదగిన మాట కాదు.

అప్పుడు వెనుకవరుసలో పెద్దక్క పక్కనుంచి ఆమె చెల్లెలు చిన్నక్క లేచింది. అక్కాచెల్లెళ్లిద్దరినీ ఒకచోట చూడడం ఊరికి అదే మొదటిసారి. ఒకరు బయటికి వస్తే మరొకరు ఇంట్లో ఉంటారు; వంతులు వేసుకొని పుట్టారని సైకిలు షాపువాడు వేళాకోళమాడేవాడు.

"నేనొక కొట్లో ముందుగదిలో పనిచేసేదాన్ని," అన్నది చిన్నక్క, మాట తేటగా. "పళ్లు పోయాక మాట అర్థం కావట్లేదని వెనకగదికి పంపేశారు. తర్వాత అదీ లేదు. అది ప్రాణమో కాదో మీరే చెప్పండి."

ఆమె కూర్చొన్నది. మేస్త్రి మాత్రం ఆమె మాట సగమే విన్నాడు. ఆమె నోట ఎడమవైపు కోరపన్ను ఒకటి పక్కపన్ను భుజం మీదికి వాలి ఉన్నది.

చిన్నక్క అటు తిరిగి చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకొన్నది. రుమాలు చేతులు మారింది. కాసేపటికి పెద్దక్క లేచి, "మా చెల్లి చెప్పిందే నా మాటా," అన్నది. అదే కోరపన్ను. అదే వాలు.

సెట్టు ఒకటి, నోళ్లు రెండు. కుడిపక్కన ఒత్తుడు చెల్లెలిది; జారిపోవడం అక్కది. ఒకరి పుండును మరొకరి నోటిలో వెదికినవానికి ఏం కనబడుతుంది? మేస్త్రికి మొదట కలిగింది జాలి కాదు, పొంగుకొచ్చిన సంతోషం: తన చెయ్యి చెడలేదు! ఆ వెంటనే, ఇలాంటి చోట సంతోషించినందుకు తల వాలిపోయింది.

"మేస్త్రీ, నీ వంతు," అన్నాడు వర్తకుడు.

ఆయన లేచాడు. చూసినది చెప్పకూడదు. అనుకొని వచ్చినది చెప్పలేడు. "ఒక నోటికి చేసింది ఇంకో నోటికి సరిపోదు," అన్నాడు చివరకు. "పళ్లు కావలసినవాళ్లంతా నా దగ్గరికొస్తారనుకున్నాను. రారు. నాకింతే తెలిసింది." కూర్చొన్నాడు. వర్తకుడు తెల్లబోయాడు.

సభ ముగిశాక బడి గేటు దగ్గర మేస్త్రి, ఆయన భార్య అక్కాచెల్లెళ్లను ఆపారు.

"రేపు చిన్నక్కకి నోటి అచ్చు తియ్యాలి," అన్నాడు మేస్త్రి.

పెద్దక్క మొహం మాడ్చుకొన్నది. "చూసేశావా?"

"నా చేతిపని నేను గుర్తుపట్టనా? ముందే చెప్పుంటే..."

"ఊరికే చేసిచ్చేవాడివి. అందుకే చెప్పలేదు."

"అది తప్పా అక్కా?"

"నీ తప్పేం లేదు తమ్ముడూ. మాకే నోరు రాలేదు."

రుమాలు వెనుక నుంచి చిన్నక్క తడబడుతూ అన్నది: "అందరికీ ఇస్తే వరసలో నిలబడి తెచ్చుకుంటా. నా ఒక్కదానికే ఇస్తే నిన్ను చూసినప్పుడల్లా తలొంచుకోవాలి."

ఇచ్చేవాని పుణ్యాన్ని వర్ణించిన గ్రంథాలకు కొదువలేదు. పుచ్చుకొనేవారి మెడ వంగే క్షణాన్ని గురించి ఆ గ్రంథాలు ఎంత తక్కువ పలికాయో ఆ గేటు దగ్గర మేస్త్రికి తెలిసివచ్చింది.

భార్య కల్పించుకొన్నది. "మెడలు వంచడాలెందుకమ్మా? మా ఆయన పనికోట్లు చూశారా? ఒక్కదానికీ బొత్తాల్లేవు. ఆయన ఒంటిని అంటిపెట్టుకుని ఉండేది ప్లాస్టరొక్కటే! అవన్నీ కుట్టి పెట్టండి. పళ్లు పట్టుకెళ్లండి. చెల్లుకి చెల్లు."

పెద్దక్క నవ్వు ఆపుకోబోయి, నోటిలో సెట్టు జారగా చేత్తో పట్టుకొన్నది. అలా ఒప్పందం కుదిరింది. అయితే కుట్టడానికి బొత్తాలైనా లేనివారి మాటేమిటన్న ప్రశ్న మేస్త్రిని వదలలేదు. మరునాడు బల్లకు బేరమాడినవానిని తిప్పిపంపి, పథకంలో పళ్లను చేర్చాలన్న విన్నపం కింద సంతకం చేశాడు. "మాట మార్చావు!" అని వర్తకుడు నిష్ఠూరమాడితే, "మార్చాను. నువ్వడిగిన గీత ఎక్కడ గియ్యాలో నాకూ తెలీదు. చిన్నక్క అవతల పడేలా మాత్రం కాదు," అన్నాడు. పైనుంచి నిర్ణయం ఇంకా రాలేదు.

చిన్నక్కను ఫొటో తెమ్మంటే తన దగ్గర లేదన్నది. "అక్కదానిలాగే పెట్టు. ఇన్నాళ్లూ నేను నవ్వింది ఆ వంకరపన్నుతోనేగా. ఇప్పుడు తిన్నగా పెడితే అద్దంలో ఎవరో అనుకుంటా." ఆయన అలాగే వాల్చాడు. చెయ్యి వణకలేదు. ఇప్పుడు అక్కాచెల్లెళ్లు పక్కపక్కనే నడుస్తూ, ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ వీధి వెంట పోతుంటే, మేస్త్రి కిటికీలోంచి చూసి మళ్లీ మైనం మీదికి వంగుతాడు.

ఆ చేతికి వణుకు రాకుండుగాక. ఆ కంటికి ఉత్తరపు వెలుగు తరగకుండుగాక. చమత్కారంతో చిక్కుముడి విప్పే ఆ ఇల్లాలి మాట నూరేళ్లు ఆ గదిలో వినబడుగాక. ఆ గుమ్మం తొక్కిన ఏ నోరూ అడగలేక మూసుకోకుండుగాక. ఆ ఇంట ఏ మెడా వంగవలసిన అవసరం కలగకుండుగాక. సర్వేశ్వరుడు ఆ దంపతులను, వారి ఇంటిని చల్లగా కాచుగాక.