మూడు తోకల పురుగులు

చాయ్ జాలిని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎవరికైనా చాయ్‌పత్తి వాసన వస్తుంది. నాకు మాత్రం రంగునీళ్ల వాసన వస్తుంది. మొన్న మా అమ్మాయి బడివాళ్లతో వాగు దగ్గరికి పోతున్నానని ఆ జాలి అడిగితే, ఇవ్వడానికి చేతులు రాలేదు. చివరికి ఇచ్చాను.

కొత్తవాడలో మా బాపు జంపఖానాల నూలుకు రంగులు వేసేవాడు. ఇంటి వెనకే రంగుల షెడ్డు, దాని నీళ్లు కలిసే వాగు. ఉడికే రంగు తొట్ల ఆవిరి, తడినూలు వాసన, దండేల మీద నీళ్లోడే నూలు చిలపలు, ఇవే మా చలికాలపు పొద్దులు. వాగు ఎర్రగా పారితే మగ్గాల మీదికి ఎర్ర పట్టీలు, నీలంగా పారితే నీలం పట్టీలు వస్తున్నాయని ఎవరు ముందు కనిపెడితే వాళ్లకు అమ్మ చేసిన సర్వపిండిలో పెద్ద ముక్క అని పిల్లలం పందెం వేసుకునేవాళ్లం. వాగు పాడవడం మాకు ఆట.

ఎనిమిదో తరగతిలో సైన్స్ సారు మా చేతికో చాయ్ జాలి, తెల్ల పళ్లెం ఇచ్చి ముందుగా ఊరవతలికి, వాగు పైభాగానికి తీసుకెళ్లాడు. రాళ్లు తిప్పితే చాలు, వెంట్రుకల్లాంటి మూడు తోకల పురుగులు, పుల్లలతో గూడు కట్టుకున్న పురుగులు, తూనీగ పిల్లలు. "ఇవి మురికిల బతకయి బిడ్డా. వట్టి ఎర్ర పురుగులే ఉన్నయంటే ఆ నీళ్లు ఖరాబైనట్టే" అన్నాడు సారు. మధ్యాహ్నం మా ఇంటి వెనక చూడాలి. ఆయన రాసిన కాగితం పొల్యూషన్ ఆఫీసుకు పోతుందని తెలిసి, పొద్దున బాపు "షెడ్డు బంద్ వెడితే ఎట్ల బతుకుడే?" అన్న మాట నా చెవుల్లోనే ఉంది. సర్వపిండి కాకులకు వేసి, ఆ టిఫిన్ డబ్బాలో మూడు తోకలవి ఏడింటిని దాచుకున్నాను.

మా ఇంటి వెనక జాలిలో పడ్డవన్నీ ఎర్ర పురుగులే. సారు అటు తిరగగానే వాటిని పారబోసి, పళ్లెంలో డబ్బా వంచాను. ఆయన లెక్కపెట్టి మురిసిపోయి, 'నీరు బాగుంది' అని రాసి, ఒక నకలు నాకిచ్చాడు. ఆ ఏడింటినీ అక్కడే వాగులో వదిలాను, బతకవని తెలిసీ. బాపు ఆ కాగితాన్ని షెడ్డు గోడకు అంటించాడు.

ఎండాకాలంలో, వాగు కిందివైపు పొలాల ఆడవాళ్లు వచ్చారు. "బర్రెలు మూతి వెడ్తలేవన్నా. జర ఆ రంగునీళ్లు ఆపున్రి" అన్నారు. బాపు గోడ చూపించాడు: "సారే రాసిండక్కా, నీళ్లు మంచిగనే ఉన్నయట." అది అబద్ధమని ఆయనకు తెలియదు. తెలిసినదాన్ని నేను, తలుపు చాటున నోరు మూసుకున్నాను. వాళ్లు ఆ కాగితాన్ని చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయారు. నేను చేసినదాన్ని చిన్నతనమని కొట్టిపారేయడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఇంతా చేస్తే షెడ్డు నిలిచిందా? రంగేసిన నూలే లారీల్లో దిగడం మొదలయ్యాక మూతపడింది. తొట్లు పోయాయి, చిలపలు పోయాయి, బాపు పోయాడు. వాగు మురికి కాలువయింది.

మొన్న సాయంత్రం అమ్మాయి జాలి తెచ్చి సింకులో పడేసింది. "ఎర్ర పురుగులు గూడ దొర్కలేదమ్మా. నువ్వు చిన్నగున్నప్పుడు మనింటెనక మూడు తోకల పురుగులు ఉండెనా?"

"ఉండె బిడ్డా" అన్నాను. మళ్లీ అదే అబద్ధం.