పేరు చెప్పందే మాత్ర లేదు

మెలీదా పెగేరో చేతిలోంచి ఏదైనా మీ చేతిలోకి రావాలంటే ముందు మీరు మీ పేరు చెప్పాలి. అది మాత్ర కావచ్చు, సూది కావచ్చు, గుక్కెడు కాఫీ కావచ్చు. పేరంటే ముద్దుపేరు కుదరదు. తండ్రి వైపు ఇంటిపేరు, తల్లి వైపు ఇంటిపేరు రెండూ కలిపి, పుట్టిన తేదీతో సహా చెప్పాలి. తర్వాత ఆమె మీ మణికట్టుకున్న పట్టీ తిప్పి చూస్తుంది. మీరు మీరేనని అప్పటికి నమ్మకం కుదిరితే ఇస్తుంది.

చెరకు సీమలోని మా సర్కారు ఆస్పత్రిలో, మగవాళ్ల వార్డులో, ఆమెతో కలిసి నేను పదహారేళ్లు పనిచేశాను. ఆమె పెద్ద నర్సు, నేను చేతికింద నర్సును. రోజూ పొద్దున ఏడింటికి ఫ్లాస్కులోంచి నాకు కాఫీ పోసేది.

"పేరు?"

"ఒనెలియా. నిన్నా ఒనెలియానే, మొన్నా ఒనెలియానే."

"ఇంటిపేర్లు?"

"అక్కా, కాఫీ చల్లారిపోతోంది."

"చల్లారిన కాఫీ తాగి ఎవరూ చావలేదే. ఒకరి కాఫీ ఇంకొకరు తాగి చచ్చినవాళ్లున్నారు."

"ఎవరమ్మా వాళ్లు?"

"చక్కెర జబ్బువాళ్లు. నీ కప్పులో నాలుగు చెంచాలేశాను. ఇంటిపేర్లు చెప్పు."

ఇంట్లోనైనా ఊరుకునేదా అంటే అదీ లేదు. ఆమె భర్త అర్సేనియో బస్సు డ్రైవరు, పాపం మంచివాడు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో, పేరు చెప్పకుండా ఒక్క పూటా అరటికాయ ముద్ద తిని ఎరగడు. ఒకసారి విసిగిపోయి "నేను గవర్నర్ని" అన్నాడట. "గవర్నరు గారి భోజనం గవర్నరు గారింట్లో ఉంటుంది" అంటూ పళ్లెం లోపలికి పట్టుకుపోయిందట. ఆ రాత్రి అతను పక్కింట్లో తిన్నాడు. అక్కడ ఎవరూ పేరు అడగలేదు, కూర మాత్రం చప్పగా ఉంది.

గుళ్లో కూడా ఇదే వరస. ఆదివారం ప్రార్థనలో ఫాదర్ పవిత్రమైన అప్పం ముక్క నోటిదాకా తెస్తే ఈవిడ నోరు తెరవలేదు.

"ముందు నా పేరు అడగండి ఫాదర్."

"అమ్మా, నీకు బాప్తిస్మం ఇచ్చిందే నేను."

"అయినా సరే. నా వెనకాల నిలబడింది నా తోడికోడలు. దాని పాపాలకు రాసిన మందు నాకు పడితే ఏమవ్వాలి?"

పిచ్చి అంటారా? మేమూ అదే అనేవాళ్లం, యూబెల్కిస్ అనే కొత్తమ్మాయి వచ్చేదాకా. మా దేశంలో మనిషిని పేరుతో పిలవడమంటే పోట్లాటకు దిగడమే. కూరలమ్మే ఆవిడ దగ్గర్నుంచి పన్ను వసూలు గుమాస్తా దాకా అందరూ అందరినీ "నా బంగారం", "నా ప్రాణం" అనే పిలుస్తారు. యూబెల్కిస్ వార్డు మధ్యలో నిలబడి, చేతిలో మాత్ర పట్టుకుని, తేనెలూరే గొంతుతో "నా ప్రాణం, నోరు తెరు" అంది. ఏకంగా నాలుగు నోళ్లు తెరుచుకున్నాయి. పిల్ల దగ్గర్లో ఉన్న నోట్లో వేసేసింది. గుండె జబ్బు ముసలాయన ఒంట్లో నీరు తియ్యడానికి రాసిన మాత్ర అది. పడింది మాత్రం చెయ్యి విరిగి చేరిన బెనాన్సియో నోట్లో. మోటారు సైకిలు మీద జనాన్ని ఎక్కించుకుని ఊరంతా తిరిగే ఆ మనిషి, ఆ రోజంతా మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య బేరాలు చేశాడు.

మర్నాడు పొద్దున మెలీదా మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టింది. మందుల కాగితం ఎత్తి చూపించింది.

"ఇందులో 'నా ప్రాణం' అని ఎక్కడుందో చూపించండే."

మేం మెడలు చాచి కాగితంలో వెతికాం.

"మీ ప్రేమలు తగలెయ్య! ప్రేమించండి, నేనొద్దన్నానా? పేరు పెట్టి ప్రేమించండి." కుడిచెయ్యి చాచి వేళ్లు ఒక్కొక్కటే ముడిచింది. "సరైన మందు, సరైన మోతాదు, నోరో సూదో సరైన దారి, సరైన వేళ. ఇవి నాలుగూ అయ్యాయి. బొటనవేలు సరైన మనిషి. ఆ వేలు లేకుండా మిగతా నాలుగు వేళ్లతో గ్లాసు ఎత్తండి చూద్దాం."

యూబెల్కిస్ నిజంగానే ఎత్తబోయి గ్లాసు పగలగొట్టింది. మాకున్నవే మూడు గ్లాసులు. ముప్పై నాలుగు మంచాలకు పూటకు ఇద్దరు నర్సులూ ఒక జ్వరం గొట్టమూ ఉన్న వార్డు మాది. పుండ్లకు కట్టే గాజుగుడ్డ కోసం ఆర్నెల్లు అర్జీలు పెడితే మంత్రిగారు స్వయంగా వచ్చారు, ఫోటోగ్రాఫర్లతో. ఎండకు సొమ్మసిల్లినట్టయి మంచినీళ్లు అడిగారు. మెలీదా గ్లాసుతో ఎదురుగా నిలబడింది.

"పేరు?"

"నా పేరు మీకు తెలీదా?"

"నాకు తెలుసండీ. మీకు తెలుసో లేదో చూడాలి. ఎండదెబ్బకు ముందు పోయేది అదే."

మంత్రిగారు పళ్లు బిగించి రెండు ఇంటిపేర్లూ చెప్పారు. చేతికి పట్టీ లేదు కాబట్టి నీళ్లు మాత్రం దొరకలేదు. మాకు గాజుగుడ్డా దొరకలేదు. లెక్క సరిపోయింది.

ఇక పదకొండో మంచం సంగతి చెప్పాలి.

ఒక సోమవారం చెరకు తోటల్లో కూలీలుండే గదుల లైన్ల నుంచి ఒక ముసలాయన్ని తోపుడు బండి మీద తెచ్చారు. చెరకు కొట్టే కత్తి తగిలి ఎడమ పాదం పుండైంది. పుండు నిండా కాఫీ పొడి కూరి ఉంది. లైన్లలో వైద్యం అదే, అక్కడికి డాక్టరు వెళ్లడు. గుర్తింపు కార్డులో ఒకే ఇంటిపేరుతో రామోన్ బెల్త్రే అని ఉంది. ఆ పేరు మీద మా ఆస్పత్రిలో పాత ఫైలు కూడా దొరికింది. అందులో ఎర్ర సిరాతో రాసి ఉంది: పెన్సిలిన్ పడదు.

"కాఫీ గుండెకు మంచిదయ్యా, కాలికి కాదు" అంటూ మెలీదా ఉప్పునీళ్లతో పుండు కడిగింది. ఎప్పుడూ లోపల్నుంచి బయటికి కడుగుతుంది, బయట మురికి లోపలికి పోకుండా. గంటకోసారి మడమ కింద దిండు సర్దేది. కిటికీ తెరిచి ఎండ పొడ పడేలా మంచం జరిపింది. ఓట్స్ జావ ముట్టడం లేదని చూసి, ఇంటి నుంచి మొక్కజొన్న గంజి తెచ్చి పెట్టింది. అది మాత్రం తాగాడు.

డాక్టర్ ఒవాయేస్ కుర్రాడు, నిక్కచ్చి మనిషి. "పెన్సిలిన్ వాడే వీల్లేదు. మన దగ్గరున్న రెండో రకం మందు వాడదాం. వచ్చే వారం శుక్రవారానికి పుండులో కొత్త కండ కనిపించకపోతే పాదం తీసెయ్యాలి" అన్నాడు. చెరకు కొట్టేవాడికి పాదం తీసెయ్యడమంటే ఏమిటో వార్డులో అందరికీ తెలుసు. చెరకు కంపెనీ వాడు ఒంటికాలి వాడికి కత్తి ఇవ్వడు, గది కూడా ఉంచడు.

మందు రోజుకు నాలుగుసార్లు. నాలుగుసార్లూ అదే ప్రశ్న.

"పేరు?"

"రామోన్ బెల్త్రే" అంటాడు గోడకేసి చూస్తూ.

"పుట్టిన తేదీ?"

మంగళవారం జూన్ అన్నాడు. గురువారం అక్టోబర్ అన్నాడు. శనివారం "వానాకాలం" అన్నాడు. పట్టీ మీద పేరు సరిపోతోంది కాబట్టి మందైతే ఇచ్చేది.

"రామోన్, ఒక్క వారంలో మూడుసార్లు పుట్టావు. మీ అమ్మ ఎలా తట్టుకుందయ్యా?" అంది మెలీదా. వార్డంతా నవ్వింది. ముసలాయన నవ్వలేదు. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా అతని చేతులు దుప్పటి అంచును గట్టిగా పట్టుకోవడం నేను చూశాను.

"అక్కా, ఆ మనిషికి నువ్వు పోలీసులా కనిపిస్తున్నావు. వదిలెయ్" అన్నాను.

"పోలీసు అయితే ఒక్కసారి అడిగి కొడతాడు. నేను నాలుగుసార్లు అడిగి గంజి పోస్తున్నాను కదే" అంది.

పుండు మాత్రం మాట వినలేదు. మరుసటి బుధవారం నాటికి అంచులు నల్లబడ్డాయి. శుక్రవారానికి ఇంక రెండు రోజులే మిగిలాయి.

ఆ పొద్దున కట్టు మార్చేటప్పుడు మెలీదా మంచం చుట్టూ తెర లాగింది. గిన్నె పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. పాదం కడుగుతూ, తల ఎత్తకుండానే అంది:

"పెద్దాయనా, కాగితం నాకొద్దు. నాకు ఈ కాలు కావాలి. మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది?"

ముసలాయన తెర సరిగ్గా మూసుందో లేదో చూసుకున్నాడు.

"చెబితే లారీ వస్తుంది" అన్నాడు. పక్కనున్న హైతీ నుంచి వచ్చి పనిచేసేవాళ్లను కాగితాలు లేవని ఎక్కించుకుని సరిహద్దు దగ్గర దించే లారీ అది. మా దేశం పంచదార తీపంతా వాళ్ల చెమటే. ఆ సంగతి మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు.

"లారీకి వార్డు లోపలికి దారి తెలీదు. తెలిసినా ముందు నాకు దాని పేరు చెప్పాలి. ఊఁ, చెప్పు."

అతను ఆమె చెవి దగ్గరకు వంగి చెప్పాడు. క్లెర్విల్ సెనాతుస్. పుట్టింది మామిడి పళ్ల కాలంలో. ఏ సంవత్సరమో తెలీదు, పెద్ద తుపాను వచ్చిన ఏడు అని మాత్రం గుర్తు. రామోన్ అతని గదిలో ఉండేవాడు. రామోన్ చచ్చిపోయాక మేస్త్రీ ఆ కార్డు తెచ్చి "ఇక నుంచి రామోన్‌వి నువ్వే" అన్నాడట. అది జరిగి పదకొండేళ్లు.

మెలీదా చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అయితే పెన్సిలిన్ పడనిది ఎవరికి?"

"రామోన్‌కి. ఒకసారి సూది వేస్తే రొట్టెలా ఉబ్బిపోయాడు. నాకెవరూ ఎప్పుడూ వెయ్యలేదు."

ఆమె తిన్నగా డాక్టర్ ఒవాయేస్ దగ్గరికి వెళ్లింది, వెనకాలే నేనూ వెళ్లాను.

"పదకొండో మంచానికి పెన్సిలిన్ పరీక్ష చెయ్యాలి."

"ఫైల్లో ఎర్ర సిరాతో రాసి ఉంది కదమ్మా."

"ఆ ఫైలు ఈ చర్మానిది కాదు డాక్టరు గారూ. ఇంతకు మించి నన్ను అడక్కండి."

డాక్టరు ఆమెకేసి చూశాడు. ఆ మనిషి ఆ మనిషేనా అని నాలుగుసార్లు సరిచూసుకునే మెలీదా పెగేరో, అడగొద్దు అంటోంది. అతను పరీక్ష రాయడానికి కలం తీశాడు. "రాసేది ఎవరు? పేరు, పుట్టిన తేదీ అడగవా?" అన్నాడు నవ్వుతూ.

"అడుగుతాను. ముందు రాయండి."

ముంజేతి చర్మంలో చిన్న చుక్క మందు ఎక్కించి, చుట్టూ కలంతో గీత గీసి, గడియారం పట్టుకుని ఆమె మంచం పక్కనే కూర్చుంది. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ ఎవరి పేరూ అడగలేదు. వార్డు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే బెనాన్సియో భయపడి తన పేరు తనే గట్టిగా చెప్పుకున్నాడు. గీతలో వాపు రాలేదు, ఎరుపు రాలేదు. ఆ మధ్యాహ్నమే మొదటి మోతాదు వేసింది.

శుక్రవారం డాక్టరు కట్టు విప్పి చూశాడు. నల్లటి అంచులు ఆగిపోయాయి. ఒక మూల ఎర్ర జామపండు లోపలి రంగులో చుక్కంత కొత్త కండ కనిపించింది. "ఇంకో వారం చూద్దాం" అన్నాడు. వారం తర్వాత ఇంకో వారం అన్నాడు. తర్వాత కత్తి ఊసే ఎత్తలేదు.

ఫైలు మీద మాత్రం రామోన్ బెల్త్రే అలాగే ఉండిపోయాడు. ఎర్ర సిరా పక్కన మెలీదా "పరీక్ష చేశాం, పడుతుంది" అని రాసి సంతకం పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో తెలిసి తెలిసీ ఆమె ఉంచేసిన తప్పు పేరు అదొక్కటే. ఇక రోజుకు నాలుగుసార్లు ఒక తమాషా నడిచేది. "పేరు?" అని గట్టిగా అడిగేది. "రామోన్ బెల్త్రే" అని అతను వార్డంతా వినేలా చెప్పేవాడు. అప్పుడామె వంగి తన చెవి అతని నోటి దగ్గర పెట్టేది. అతను ఏదో గుసగుసలాడేవాడు. ఆమె తలూపి మాత్ర ఇచ్చేది.

"సిస్టరమ్మా, ఆ ముసలాయన చెవిలో ఏం చెబుతున్నాడు? బస్సు డ్రైవరు గారికి కబురు పంపమంటావా?" అని బెనాన్సియో అరిచేవాడు.

"నీ మాత్ర వేళ కూడా వస్తుందిలే, అప్పుడు చెబుతాను" అనేది. అతను వెంటనే దుప్పటి ముసుగు పెట్టేవాడు.

నేను ఉండబట్టలేక అడిగాను. "అసలు పేరు నీకు తెలుసు కదా అక్కా. మళ్లీ మళ్లీ చెప్పించడం ఎందుకు?"

ఆమె మాత్రల బండి తోస్తూనే అంది. "నాకు తెలుసు. అతను మరిచిపోతున్నాడు. మొదటి రోజు ఆ పేరు చెప్పడానికి నోరు తిరగలేదే. పదకొండేళ్లుగా చచ్చినవాడి పేరుకు పలుకుతున్నాడు. ఒక మనిషిని రోజుకు నాలుగుసార్లు నువ్వెవరని అడిగి, జవాబు దాకా ఆగేవాళ్లు ఈ ఆస్పత్రి బయట ఎవరున్నారు? ఇక్కడున్న ఈ ముప్పై నాలుగు మందిలో ఎంతమందిని అడుగుతారు?" నేను మంచాల వరసకేసి చూశాను. "గుడ్లప్పగించి చూడకు. మాత్రలకు నీళ్లు పట్రా. ఎవరక్కడ? పేరు?"

"ఒనెలియా" అన్నాను. ఆ రోజు మొదటిసారి రెండు ఇంటిపేర్లూ అడగకుండానే చెప్పాను.

రెండో నెలలో ఒక పొద్దున ముసలాయన ఇంటికి బయలుదేరాడు. పాదానికి పలచటి కట్టు, ముందు భాగం కోసిన చెప్పు. మెలీదా అతని మూట పట్టుకుని గేటు దాకా వెళ్లింది. గేటు దగ్గర కొత్త కాపలావాడు తియోఫిలో, పుస్తకం తెరిచి, బయటికి పోయే రోగుల పేర్లు రాసుకుంటున్నాడు. మా మెలీదా గురించి ఎవరో అతనికి చెప్పి ఉంచారు, ఆవిడ మెప్పు పొందాలని ఉత్సాహంగా ఉన్నాడు.

"ఆగు పెద్దాయనా! పేరు? ఇంటిపేర్లు రెండూ. పుట్టిన తేదీ కూడా!"

ముసలాయన నేలకేసి చూశాడు. రెండు పేర్లు గొంతులో ఒకదానికొకటి అడ్డం పడి ఏదీ బయటికి రాలేదు.

"పేరేమిటయ్యా పేరు!" అని మెలీదా గొంతు ఆస్పత్రి మూడు వరండాల్లోనూ మోగింది. "ఎంతసేపూ పేరు, పేరు! నీకింకో పని లేదా? మనిషి తన రెండు కాళ్ల మీద నడిచి ఇంటికి పోతుంటే కనిపించడం లేదా? తియ్ గేటు!"

తియోఫిలో గేటు తీశాడు. నోరు మూసుకోవడానికి మాత్రం అతనికి మధ్యాహ్నం దాకా పట్టింది.