బియ్యంలో ఆరబెట్టిన వేప్

మా వదినంటే నాకు పెళ్లయిన కొత్తలో భయం. పాతబడ్డాక కూడా భయమే. ఆమె మా ఆయనకు అక్క. తూంకుంటలో ప్లాట్లు అమ్ముతుంది. వాళ్ల కాలనీలో ఎవరింట్లో గొడవైనా తీర్పు చెప్పడానికి ఆమెనే పిలుస్తారు. నేను కొంపల్లిలో ఉంటూ కంప్యూటర్ ఉద్యోగం చేసుకునేదాన్ని. మా మధ్య మాటలు "తిన్నవా", "తిన్నాను వదినా" దగ్గరే ఆగిపోయేవి.

పోయిన చలికాలం ఒక ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాం. శామీర్‌పేట చెరువు చేపలు తెప్పించింది. మగవాళ్లు వరండాలో భూముల ధరలు మాట్లాడుకుంటున్నారు. మా అత్తమ్మ పొయ్యి దగ్గర పులుసు చూస్తోంది. వదిన నన్ను మేడమీదికి రమ్మని సైగ చేసింది. ఏం తప్పు చేశానా అనుకుంటూ వెళ్లాను. ఆమె పడగ్గది తలుపు గడియ పెట్టి, బీరువాలో చీరల కింద నుంచి పసుప్పచ్చటి ప్లాస్టిక్ వస్తువొకటి తీసి నా చేతిలో పెట్టింది.

"నీకు గీ మిషన్లన్నీ ఎర్కే గదా. గిది నడుస్తలేదు. జర జూడు."

అది వేప్. పండ్ల వాసన కలిపిన పొగ పీల్చేది, అయిపోయాక పారేసే రకం. నేను దానివైపు ఒకసారి, వదినవైపు ఒకసారి చూశాను. ప్లాటు చూడటానికి వచ్చినవాడెవడో కారులో మరిచిపోయాడట. ఎట్లా ఉంటుందోనని రుచి చూసిందట. తర్వాత అతను ఫోన్ చేసి అడిగితే దొరకలేదని చెప్పేసిందట. మన దగ్గర అమ్మడమే నిషేధం కనుక బాగుచేయించడానికి దుకాణం కూడా లేదు.

నీళ్లలో గానీ పడిందా అని అడిగాను. వదిన కిటికీలోంచి బయటికి చూసింది. నైటీ జేబులో మరిచిపోయి బట్టలతో పాటు నానబెట్టిందట. సెల్‌ఫోన్ తడిస్తే బియ్యంలో పెడతారు కదా అని దీన్నీ బియ్యం డబ్బాలో పూడ్చి, బాగా ఆరేదాకా ఉంచిందట.

నా ఫోన్ చార్జర్ పెట్టి చూశాను. ఎర్రదీపం వెలిగింది. బ్యాటరీ బాగానే ఉంది. వదిన పీల్చి చూసింది, బుగ్గలు లోపలికి పోయాయి తప్ప పొగ రాలేదు. ప్రాణం ఉంది, ఊపిరే ఆడటం లేదన్నమాట. ఫోన్ లైటు వేసి అడుగున గాలి వెళ్లే రంధ్రంలోకి చూస్తే తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. వదిన తన కొంగు పిన్నీసు తీసిచ్చింది. మెల్లగా గీరితే ఒక నూక బయటికొచ్చి నా అరచేతిలో పడింది.

"బియ్యం మంచివే వదినా, సన్నవి" అన్నాను.

వదిన నవ్వడం అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. శబ్దం కిందికి వినపడకూడదని దిండులో మొహం దాచుకుంది. ఆమెను చూసి నాకూ ఆగలేదు. కాసేపటికి ఇద్దరం నేలమీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాం.

తేరుకుని ఆమె గట్టిగా ఒక దమ్ము లాగింది. సరిగ్గా అప్పుడే అత్తమ్మ తలుపు తట్టింది. వదిన వేప్‌ను గుప్పిట్లో దాచి, నోరు బిగించి నిలబడింది. నేను గడియ తీశాను.

అత్తమ్మ గాలి వాసన చూసి, "సలికాలంల మామిడిపండ్ల వాసనేందే?" అంది.

బాత్రూం కడిగే మందని చెప్పాను. అత్తమ్మ నా మాట వినలేదు. కూతురి ఉబ్బిన బుగ్గల్నే చూస్తోంది. చూస్తుండగానే వదిన ముక్కులోంచి రెండు సన్నటి పొగలు మెల్లగా బయటికొచ్చాయి.

డాక్టరు వద్దన్నాడని ఆ మధ్యే వదిన తల్లి దగ్గరి తంబాకు డబ్బా లాక్కుని దాచేసింది. అత్తమ్మ ఇప్పుడు చెయ్యి చాపింది.

"నా డబ్బ తే బిడ్డా."

ఊరందరికీ తీర్పులు చెప్పే మనిషి తల వంచుకుని గుప్పిట విప్పింది. చివరికి అత్తమ్మే తేల్చింది. డబ్బా అడగనంది, కానీ కూతురు కూడా ఇది ముట్టకూడదంది. వేప్‌ను అందుకుని కొంగున ముడేసుకుని మెట్లు దిగింది. ఆమె అడుగుల చప్పుడు ఆగేదాకా ఓర్చుకుని మళ్లీ దిండు అందుకున్నాం.

భోజనాల దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండటానికి చచ్చేంత పనైంది. ఏమైంది మీకు అని మా ఆయన అడిగాడు. చేప ముల్లని చెప్పాను. వదిన తన పళ్లెంలోని మంచి ముక్క తీసి నా అన్నం మీద పెట్టింది. ఆ వేప్‌ను అత్తమ్మ ఏం చేసిందో మాత్రం మా ఇద్దరికీ అడిగే ధైర్యం లేకపోయింది.